ఇంటి వ్యయభారము అన్ని యూళ్ల నొక్కటియేనా?

సంఘ సభ్యులు పొలము గట్టున మమ్మడిగెడు ప్రశ్నలు సాధారణముగా పురుగును గూర్చియో, ఎరువును గూర్చియో, విత్తనమును గూర్చియో యుండును. కొన్ని యేండ్లనుండి వేఱొక ప్రశ్నయు వినవచ్చుచున్నది. పైరు చూచుట యయిన పిదప మమ్ము ప్రక్కకు పిలిచి, "అయ్యా, పిల్లవాని పెండ్లిలోపల ఇల్లు కట్టవలెనని యున్నది. ఎంత యగునండీ?" అని మెల్లగా నడుగుదురు. ఇది మా శాఖలోని పని కాదని తప్పించుకొనవచ్చును. కాని సంఘపు లెక్క పుస్తకములు చూచినవారికి సంగతి తెలియును. మే మెఱిగిన మొండిబాకీలలో చీడవలన నిలిచిపోయినవి కొన్ని యైనచో, పంటకని తెచ్చిన సొమ్ము గోడలలోనికి పోయినందున నిలిచిపోయినవి యంతకు తక్కువ లేవు. కావున ఇల్లు కూడ సేద్యములోని విషయమే యని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ ప్రశ్నకు మేము బదులు చెప్పకముందు మఱి రెండు ప్రశ్నలు వేయుదుము. మీ దే యూరు? కట్టబోవు చోట నేల యెట్టిది? అడిగినవారికి ఇది విసుగు పుట్టించును. రెండు గదులు, వంటిల్లు, పైన స్లాబు. ఎక్కడ కట్టిన నేమి, ఇటుకలు అన్నియే పట్టును గదా యని వారి తలంపు. ఇటుకలు అన్నియే పట్టును, నిజమే. కాని ఇంటి వెల వేఱు, ఇంటి భారము వేఱు. వెల యనగా మేస్త్రికి, కూలీలకు, సామానునకు ఇచ్చిన మొత్తము. భారమనగా ఆ కుటుంబమునకు ఏటేట వచ్చు రాబడిలో ఇల్లు ఎంత పాలు తీసికొనుచున్నది, తీసికొన్న పిదప విత్తనమునకును, తిండికిని, మందునకును, పిల్లల చదువునకును ఏమి మిగులుచున్నది అనునది. పది బస్తాల బండిని రోడ్డుమీద నీడ్చుకొనిపోవు ఎడ్లే బురదలో దిగబడి కదలలేవు. బరువు మాఱలేదు, నేల మాఱినది.

ఈ భారమును కొలుచుటకు అమెరికా దేశమువారు ఒక కొలత యేర్పఱచుకొన్నారు. ప్రభుత్వపు ఇండ్లలో అద్దెకుండు పేదలు తమ రాబడిలో నూటికి 25 పాళ్లకు మించి యియ్యనక్కఱలేదని 1969లో నియమము చేసిరి. 1981లో దానిని 30 పాళ్లకు పెంచిరి. అచ్చట రాబడిలో 30 పాళ్లు ఇంటికే పోవుచున్నచో దానిని ఇంటిభారము మోయు కుటుంబమనియు, సగము దాటినచో మిక్కిలి భారము మోయు కుటుంబమనియు లెక్కింతురు. ఈ కొలతతోనే ఏ జిల్లాలో నెందఱు, ఏ పేటలో నెందఱు భారము మోయుచున్నారో పట్టికలు వేయుదురు. నెలనెల జీతము వచ్చువానికి ఈ కొలత సరిపోవచ్చును. ఏడాదికి రెండుమాఱులు మాత్రమే సొమ్ము కన్నులజూచి, అందును ఒక యేడు వచ్చి మఱియొక యేడు రాని రైతునకు ఇది చాలదు. లక్ష వచ్చువాడు ముప్పదివేలు ఇంటికి తీసియిచ్చినను మిగిలిన డెబ్బదివేలతో నిశ్చింతగా నుండును. పదివేలు వచ్చువాడు మూడువేలు తీసినచో మిగిలిన యేడువేలతో నెల గడచుట యెట్లు? పాళ్లు ఒకటే, భారము ఒకటి కాదు.

మన దేశమున 2023-24లో జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వేలో, పట్టణ కుటుంబముల సగటు ఖర్చులో అద్దెకు పోవునది నూటికి సుమారు ఆఱున్నర పాళ్లని తేలినది. పల్లెలలో అది యొక్క పాలైనను లేదు. ఇది చూచి పల్లెవారికి ఇంటిభారమే లేదనుకొన్నచో పొరపాటు. ఈ సగటులో సొంత యిండ్లవారు కూడ చేరియున్నారు, వారి యద్దె సున్న. పదిమంది పంక్తిలో తొమ్మండుగురు పస్తుండి ఒక్కడు పది ముద్దలు తిన్నను, తలకొక ముద్ద తిన్నట్లే లెక్క తేలును. మఱియు పల్లెవాడు అద్దె యియ్యడు గాని, ఇంటికై తెచ్చిన అప్పునకు వడ్డీ యిచ్చును, ఏటేట కప్పు బాగుచేయించును. అవి అద్దె యను గడిలో వ్రాయబడవు.

ఇక నేల సంగతి. ఇది మాకు కొంచెము తెలిసిన విషయము గాన విరివిగా చెప్పుదుము.

నల్లరేగడి శనగకును, జొన్నకును, పత్తికిని తల్లి. ఇంటికి మాత్రము సవతితల్లి. నంద్యాల, ప్రకాశము, పలనాడు ప్రాంతములలోను, ఆదిలాబాదులోను ఈ నేల విస్తారముగా నున్నది. అందలి బంకమన్ను నీరు త్రాగి యుబ్బును, ఎండి కుంచించుకొనిపోవును. వేసవిలో నెఱ్ఱెలు విచ్చి చేయి దూరునంత యెడము పడుట అందఱు చూచినదే. పైరునకు ఇది మేలు. నేల తన్నుదాన దున్నుకొన్నట్లగును. దానిమీద ఇల్లుండినచో, వానకారున ఆ యిల్లు పైకి లేచును, ఎండకాలమున దిగును. అన్ని మూలలు ఒక్క తీరున లేచి దిగినచో బాధ లేదు. వంటింటి నీరు పాఱు వైపున తడి యెక్కువ, వేపచెట్టు వేళ్లు పీల్చుకొను వైపున తడి తక్కువ. ఒక మూల లేచును, మఱియొక మూల లేవదు, గోడ పగులును.

నంద్యాల ప్రాంతమున మాకు తెలిసిన సభ్యు డొకడు శనగ బాగుగ పండిన యేట ఇల్లు మొదలుపెట్టెను. మేస్త్రి ఎఱ్ఱనేల గ్రామమువాడు. తన యూరి యలవాటు చొప్పున రెండున్నర యడుగుల గోయి తీసి, రాతి పునాది వేసి, ఇటుక గోడ లేపెను. రెండవ వానకారున కిటికీ మూలలనుండి పగుళ్లు ఏటవాలుగా బయలుదేఱినవి. తలుపు వేసవిలో పడును, వానకాలమున పడదు. ఏటేట సిమెంటు పూయించుటయు, పూసినచోటి ప్రక్కనే మఱల పగులుటయు జరిగినది. నాలుగేండ్లలో ఆ మరమ్మతులకును, చివరకు ఒక గోడ విప్పి కట్టుటకును అయిన సొమ్ముతో మొదటనే సరియైన పునాది వేసికొనియుండవచ్చును. ఆ గోయి తీయుచుండగా మేము ఆ దారినే పోయితిమి. శనగ విత్తనమును గూర్చి అరగంట మాటలాడితిమి. గోతిని గూర్చి ఒక్క మాటయు ననలేదు. ఆ సంగతి యిప్పటికిని మా మనస్సును గ్రుచ్చుచున్నది.

ఇందొక విపరీతము కలదు. ఉబ్బెడు మన్ను పైకి త్రోయునపుడు పెద్ద మేడ తన బరువుచేత దానిని అదిమిపెట్టును. చిన్న యిల్లు తేలిక గాన లేచిపోవును. అనగా ధనవంతుని మేడకంటె పేదవాని రెండుగదుల ఇంటికే రేగడి యెక్కువ కీడు చేయును. పూర్వము రాయి, మట్టి, సున్నముతో కట్టిన మందపు గోడలు కొంత కదలికను ఓర్చెడివి. నేటి సన్నని సిమెంటు గోడ గట్టిది గాని ఓర్పులేనిది.

దీనికి మందు లేకపోలేదు, కాని మందునకు వెల యున్నది. లోతు తక్కువైన రేగడియైనచో, దానిని పూర్తిగ తీసివేసి గట్టినేలవఱకు పోవలెను. లోతెక్కువైనచో నెఱ్ఱెలు దిగు లోతునకు క్రిందుగా, ఎంత లేదన్నను అయిదడుగులు, గోయి తీసి, అడుగున ఉబ్బని మొరమో ఇసుకయో నింపి దిమ్మిసకొట్టి, పునాదిమీద ఇల్లంతటిని చుట్టివచ్చునట్లు ఇనుము వేసి కాంక్రీటు పట్టీ పోయవలెను. మిక్కిలి లోతైన రేగళ్లకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఒక పద్ధతి రూపొందించిరి. సన్నని గుంత మూడున్నర మీటర్ల వఱకు దింపి, అడుగున ఉల్లిగడ్డవలె వెడల్పుచేసి, కాంక్రీటు పోయుదురు. ఆ గడ్డ నేల యుబ్బినను స్తంభమును పైకి రానీయదు. ఏ పద్ధతి యైనను ఎఱ్ఱనేల రైతునకు లేని ఖర్చు ఇచ్చట గోడ లేవకముందే తగులును. ఖర్చు తక్కువైన పని యొకటి మాత్రము ప్రతివారును చేయవచ్చును. ఇంటిచుట్టు ఆఱడుగుల వెడల్పున, నీరు బయటికి జారునట్లు చప్టా చేయించి, వంటింటి నీటిని గోడ మొదట నిలువనీయకుండుట. చెట్టును కూడ గోడకు దూరముగ నాటవలెను.

మేము చదువుకొన్న మిషను పాఠశాలలో పంతులుగారు, బండమీద కట్టిన యిల్లు నిలిచెననియు, ఇసుకమీద కట్టిన యిల్లు కూలెననియు కథ చెప్పెడివారు. వారికి రేగడినేల తెలిసినట్లు లేదు. మా ప్రాంతమున రేగడి తీసి ఇసుక నింపి కట్టినదే నిలుచుచున్నది.

రేగడిని దాటి గోదావరి, కృష్ణా డెల్టాలకు వచ్చినచో అచ్చట చిక్కు వేఱు. అచ్చట పల్లము. వరిచేనివంటి చోట ఇల్లు కట్టవలెనన్నచో మొదట మెరక చేయవలెను. దీని లెక్క ఎవరైనను వేసికొనవచ్చును. సెంటు స్థలము 435 చదరపు అడుగులకు కొంచెము పైన. మూడు సెంట్ల స్థలమును మూడడుగులు లేపవలెనన్నచో సుమారు 3,900 ఘనపుటడుగుల మన్ను కావలెను. ట్రాక్టరు ట్రక్కునకు నూఱు ఘనపుటడుగులు పట్టుననుకొన్నచో 39 ట్రక్కులు. వదులుగ పోసిన మన్ను ఒక వానకారునకే దిగిపోవును గాన అయిదవవంతు అధికముగ పోయవలెను. మొత్తము 47 ట్రక్కులు. ఒక్కొక్క ట్రక్కునకు మీ యూర నేమి యిచ్చుచున్నారో దానితో హెచ్చించి చూచుకొనుడు. ఇంతయు అయిన తరువాత ఆ స్థలము మెట్టరైతుకు ఉచితముగ నున్న మట్టమునకు వచ్చినది, అంతే. ఇంకను ఒక ఇటుకయైనను పెట్టలేదు.

గ్రావెలును, రాయియు, కంకరయు కోనసీమలో పుట్టవు. మెట్టనుండి ఏఱు దాటి రావలెను. గోదావరి లంకలలో నున్నవారి సంగతి చెప్పనక్కఱలేదు. 1986 ఆగస్టు వరదను, 2022 జూలై వరదను చూచినవారు అచ్చట మూడడుగుల మెరక చాలునని యనరు. అందుచేత డెల్టాలో పండు పంట యెక్కువయే గాని ఇల్లు తీసికొను పాలును ఎక్కువ. అద్దరి మెట్టరైతు డెల్టా రైతును చూచి యసూయపడునపుడు ఈ ట్రక్కులను లెక్కలో వేసికొనడు.

ఇసుక విషయము చిత్రమైనది. ఆంధ్రప్రదేశమున 2016లో ఇసుక ఉచితమనిరి. 2019 సెప్టెంబరునుండి టన్నునకు 375 రూపాయలు వెల పెట్టిరి. ఆ యేడు ఇసుక దొరకక కట్టడపు కూలీలు పనులు లేక కూర్చుండుట అందఱికి జ్ఞాపకమే. 2024 జూలైనుండి మఱల ఉచితమనిరి. ఏరు ప్రక్కన నున్నవాడు ఈ మార్పులను గట్టిగా పట్టించుకొనును, ఏలయన వానికి ఇసుక వెలయే ఇసుక ఖర్చు. ఏటికి నూఱు మైళ్ల దూరమున నున్నవానికి ఇసుక ఖర్చనగా లారీ కిరాయి. ఘనపు మీటరు ఇసుక టన్నున్నర తూగును. అంత బరువును అంత దూరము మోయించుటకు డీజిలు ఉచితముగ నెవరును పోయరు. ఒకే ప్రభుత్వపు ఒకే ఉత్తరువు ఒక యూరివానికి పెద్ద మేలును, మఱియొక యూరివానికి చిన్న మేలును అగుట ఇట్లే.

సముద్రపు టంచున నున్న గ్రామములలో గాలి లెక్క చేరును. శ్రీకాకుళము, విశాఖ తీరములలో చుట్టిండ్లుండెడివి. గుండ్రని మట్టి గోడ, నేలకు దాదాపు తాకునట్లు దింపిన తాటాకు కప్పు. మూలలు లేవు గాన గాలి పట్టు దొరకక జారిపోవును. ఎవడు మొదట కట్టెనో గాని గాలిని బాగుగ నెఱిగినవాడు. అయినను తాటాకు నీటి యుప్పెనను ఆపలేదు. 1977 నవంబరు 19న దివిసీమలో వచ్చిన యుప్పెనలో సుమారు పదివేలమంది పోయిరి. ఆ పిదప తీరమున పక్కా యిండ్లును, తుపాను ఆశ్రయములును కట్టబడినవి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినపుడు పక్కా కప్పులు నిలిచి, రేకుల కప్పులు ఎగిరిపోవుటయు చూచితిమి. తీరమున చౌక కప్పు చౌక కాదు. తాటాకు రెండుమూడేండ్లకొకమాఱు మార్పించవలెను. తాటాకు నేయువారు తగ్గిపోయిరి గాన కూలి పెరిగినది. పదేండ్లలో ఆ కప్పునకు పెట్టినది కూడి చూచినచో పేదవాడు మేడకు పెట్టినంత పెట్టెనేమో యనిపించును. కాని అది కొంచెము కొంచెముగ పోవును గాన ఎవరి లెక్కలోను కనబడదు.

అనంతపురము వైపున ఇల్లు తేలిక. నేల గట్టి, రాయి చేరువ. బేతంచెర్ల, తాండూరు చుట్టుప్రక్కల పరుపుబండలు దొరకును గాన గచ్చునకు ఖర్చు స్వల్పము. ఇంటి వెల చూచినచో ఇచ్చటివారు భాగ్యవంతులనవలెను. కాని అనంతపురమున ఏటి వర్షపాతము సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ పండిన యేడు పండును, ఎండిన యేడు ఎండును. డెల్టా రైతు ఇంటికై చేసిన రెండింతల అప్పును తీర్చుకొనును; ఇచ్చటి రైతు సగపు అప్పుతోనే వలస పోవును. వెల తక్కువైన చోట భారము తక్కువని యనుకొనరాదని మేము చెప్పునది ఇందుకే.

ఊరూర భారము వేఱను సంగతి ప్రభుత్వమువారికి తెలియదా? తెలియును. కేంద్రోద్యోగులకిచ్చు ఇంటి యద్దె బత్తెము చూడుడు. ఏడవ వేతన సంఘపు నియమముల ప్రకారము, 2024 జనవరి మొదలు, జనసంఖ్య 50 లక్షలకు మించిన హైదరాబాదువంటి నగరమున మూలజీతములో నూటికి 30 పాళ్లు, విజయవాడ, విశాఖ, వరంగల్లు, గుంటూరు, నెల్లూరులలో 20 పాళ్లు, తక్కిన యూళ్లలో 10 పాళ్లు నిర్ణయించిరి. అనగా ఉద్యోగికి ఊరునుబట్టి మూడు తరగతులు. పల్లెలో ఇల్లు కట్టుకొను పేదవానికి? 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస యోజన గ్రామీణ పథకమున మైదానములలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతములు మొదలైన దుర్గమ స్థలములలో 1,30,000. మైదానమంతయు నొక్కటే. రేగడికిని, ఎఱ్ఱనేలకును, లంకకును తేడా లేదు. 2020లో ఆంధ్రప్రదేశమున గ్రామములలో సెంటున్నర చొప్పున స్థలములును, ఇంటికి 1,80,000 రూపాయలును ఏర్పఱచిరి. సెంటున్నర పల్లపు స్థలమైనచో పై లెక్క ప్రకారము మెరకకే ఇరువది ట్రక్కుల పైచిలుకు. 2024 మార్చిలో తెలంగాణమున మొదలైన ఇందిరమ్మ ఇండ్లకు 5 లక్షలు; అందును ఆదిలాబాదు రేగడికిని మహబూబునగరు ఎఱ్ఱనేలకును ఒక్కటే మొత్తము.

మేము ఈ పథకములను నిందించుట లేదు. వచ్చిన సొమ్ము సొమ్మే. దానిచేత గుడిసెనుండి బయటపడినవారిని మేమే చూచితిమి. కాని సమానముగ నిచ్చిన సొమ్ము సమానముగ పనిచేయదు. ఎఱ్ఱనేల గ్రామమున అది గోడలు దాటి స్లాబువఱకు పోవును. రేగడి గ్రామమున పునాదిలో సగము కరగిపోయి, గోడలు మోకాటి యెత్తున నిలుచును. అట్లు నిలిచిన గోడలు చూచి "సొమ్ము వాడుకొన్నాడు, ఇల్లు కట్టలేదు" అని పదిమందిలో అనుట విన్నాము. వాడుకొన్నాడు నిజమే, భూమిలోనికి వాడుకొన్నాడు. ఇటువంటివారే తక్కిన పనికై వడ్డీ వ్యాపారి గడప త్రొక్కుచున్నారు.

నేడు రైతు కుటుంబము మోయు ఇంటిభారము ఒక్క యూరిలో లేదు. ఊర ఒక యిల్లు, హైదరాబాదులోనో విజయవాడలోనో కుమారుని చదువునకో, చిన్న యుద్యోగమునకో ఒక అద్దె గది. లెక్కకై చెప్పుచున్నాము. కుమారునికి నెలకు 20,000 జీతము, గదికి 8,000 అద్దె యనుకొందము. అది నూటికి 40 పాళ్లు. అమెరికావారి కొలతనుబట్టి భారము మోయువాడే. మిగిలిన దానితో వానికి గడువదు గాన ఊరినుండి బియ్యము, పప్పు, అప్పుడప్పుడు సొమ్ము పోవుచున్నవి. ఆ యద్దెలో కొంత భాగము ఇచ్చటి పొలమే చెల్లించుచున్నదన్నమాట. సర్వేలో ఇది పట్టణపు ఖర్చుగ కనబడును; కాని ఆ సొమ్ము పోయినది పల్లెలోని పాడి గేదె పాలనుండి. ఊర కట్టిన క్రొత్త యింటిలో వృద్ధులిద్దఱు, పట్టణపు ఇఱుకు గదిలో నలుగురు. ఇట్టి కుటుంబములు మా సంఘములోనే పది యున్నవి. కొడుకు తిరిగివచ్చునని కట్టిన పై గదిలో మిరపకాయలు ఆరబోసికొనుచున్నారు. ఇల్లు మొదలుపెట్టకముందే ఆ యింటిలో నిజముగ నివసించువా రెవరని అడిగికొనుట తప్పు కాదు. మేము అడిగినపుడు మాత్రము ఒకరిద్దఱు కోపించిరి.

ఇక అప్పు. పంట ఋణము 3 లక్షల వఱకు, సకాలమున చెల్లించినవారికి వడ్డీ రాయితీ పోగా నూటికి 4 చొప్పున పడుచున్నది. దీనిని తెచ్చి గోడలో పెట్టినవాడు విత్తనమునకును ఎరువునకును బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చును, అనగా ఏటికి 24. లక్ష రూపాయలకు 4,000 కావలసిన చోట 24,000 అయినది. గోడ పంట పండదు గాన గడువునాటికి సంఘపు బాకీ తీరదు; రాయితీయు పోవును. ఇంటికి ఇంటి ఋణమే తీసికొనవలెను. 2022లో రిజర్వు బ్యాంకువారు సహకార బ్యాంకులు ఇండ్లకై ఒక్కొక్కరికి ఈయదగు ఋణపు పరిమితిని పెంచిరి కూడ. కాని ఆ ఋణమును ఊరక తీసికొనరాదు. 5 లక్షలను నూటికి 9 వడ్డీతో 15 ఏండ్లలో ఏటేట ఒక వాయిదా చొప్పున తీర్చవలెనన్నచో వాయిదా సుమారు 62,000 రూపాయలగును. గడచిన అయిదేండ్లలో మీకు మిక్కిలి చెడ్డగా పండిన యేడు జ్ఞాపకము తెచ్చుకొనుడు. ఆ యేట ఇంటి తిండి, రెండవ పంట పెట్టుబడి పోగా ఈ 62,000 మిగిలెడివా? మంచి యేటి లెక్కతో ఇల్లు కట్టినవారే చెడ్డ యేట పొలము తాకట్టు పెట్టిరి. మిగులదని తోచినచో గదులు తగ్గించుకొనుడు, పునాదిని మాత్రము తగ్గింపకుడు. గది తరువాత చేర్చుకొనవచ్చును. పునాదిని తరువాత చేర్చుకొన్నవానిని మేము చూడలేదు.

రేగడి గ్రామముల సభ్యులు ఈ వేసవిలోనే ఒక పని చేసి యుంచుకొనవచ్చును. మే నెలలో, తొలకరికి ముందు, ఇల్లు కట్టదలచిన చోట నెఱ్ఱె బాగుగ విచ్చియున్న నాలుగైదు తావులలో సన్నని యినుప చువ్వను మెల్లగ దింపి, దిగినంత మేర సుద్దతో గుఱుతు పెట్టి కొలిచి వ్రాసికొనుడు. వానపడిన పిదప ఈ కొలత దొరకదు. మేము గ్రామమునకు వచ్చినపుడు ఆ కాగితము చూపినచో, గోయి ఎంత లోతు తీయవలెనో, ఎన్ని ట్రక్కుల మొరము పట్టునో అచ్చటనే కూర్చుండి లెక్క వేయవచ్చును.